టెర్మినల్‌లో హెడ్డింగ్‌కి రంగు సరిపోదు, నంబర్ కావాలి

పోయిన సెమిస్టర్ ఎగ్జామ్స్ టైంలో ఒక రోజు ఓయూ క్యాంపస్‌కి వెళ్లాను. మా బాబాయి కొడుకు అక్కడ హాస్టల్‌లో ఉంటాడు. లింగ్విస్టిక్స్ చదువుతున్నాడు. వాడిది పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. అందులో బరువైన వర్డ్ ప్రాసెసర్ ఓపెన్ చేస్తే ఫ్యాన్ ఆటో ఇంజిన్‌లా మోగుతుంది. అందుకని వాడు లైనక్స్ వేసుకుని, నోట్స్ మొత్తం టెర్మినల్‌లోనే తెలుగులో రాసుకుంటాడు. బస్సులో ఉన్నప్పుడు ఫోన్‌లో టెర్మక్స్ తెరిచి అదే ఫైల్ చదువుకుంటాడు.

చూడ్డానికి మాత్రం స్క్రీన్ అదిరిపోయింది. యూనిట్ పేరు నారింజ రంగులో, దాని కింద టాపిక్ ఆకుపచ్చలో, దాని కింద సబ్ టాపిక్ నీలంలో. మార్క్‌డౌన్‌లో రాసిన హ్యాష్ గుర్తులు అసలు కనపడవు. వాటిని దాచేసి రంగులు మాత్రమే చూపించేలా చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాడు. "ఎట్లుందన్నా? క్లీన్‌గ లేదూ?" అన్నాడు. క్లీన్‌గానే ఉంది, ఒప్పుకున్నాను.

సాయంత్రం ఇద్దరం తార్నాక దాకా నడిచి వెళ్లి, జిరాక్స్ షాపులో ఆ నోట్స్ ప్రింట్ తీయించాం. బ్లాక్ అండ్ వైట్, 38 పేజీలు. బయటకొచ్చి లైటు కింద నిలబడి తిరగేస్తే వాడి మొహం మాడిపోయింది.

"అన్నా, హెడ్డింగులన్నీ యాడికి పోయినయ్?"

ఎక్కడికీ పోలేదు. ఉన్నాయి. కానీ మామూలు లైన్లలో మామూలు లైన్లుగా కలిసిపోయాయి. యూనిట్ ఎక్కడ మొదలైందో, అందులో టాపిక్ ఏదో, దాని కింద ఉదాహరణ ఏదో తెలియట్లేదు. తప్పు షాపువాళ్లది కాదు, ప్రింటర్‌ది కాదు. వాడి స్క్రిప్ట్ స్క్రీన్ మీద చూపించేటప్పుడు రంగులు వేస్తుంది. అదే అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి పంపితే చాలా టెర్మినల్ ప్రోగ్రాముల్లాగే రంగులు తీసేస్తుంది. హ్యాష్‌లు ముందే దాచేశాడు, రంగులు ఆ తర్వాత పోయాయి. ఇక మిగిలిందేముంది?

ఈ సంగతి వాడొక్కడిదే అయితే నవ్వుకుని వదిలేసేవాడిని. అదే ఫైల్‌ని వాడు క్లాస్‌లో ఒక అమ్మాయికి కూడా పంపాడు. ఆ అమ్మాయికి చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో చదువుకుంటుంది. రెండు రోజుల ముందే వాడికి వాయిస్ మెసేజ్ పెట్టిందట: ఇందులో ఒక టాపిక్ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో తెలియట్లేదు, కొంచెం చూసి చెప్పవా అని. ఎగ్జామ్ హడావిడిలో వీడు పట్టించుకోలేదు. ప్రింట్ చేతిలోకి వచ్చాక గానీ ఆ మెసేజ్‌కి అర్థం తెలిసిరాలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టెర్మినల్‌లో హెడ్డింగ్ లెవెల్ అన్నది టెక్స్ట్‌లోనే ఉండాలి. రంగు, సైజు, బోల్డ్ పైపూత మాత్రమే. తెలుగులో రాసేవాళ్లకు ఇది ఇంగ్లీష్ వాళ్లకంటే ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకో చూద్దాం.

1. ఇంగ్లీష్‌కి ఉన్న సుఖం మనకు లేదు

టెర్మినల్ అంటే ఒకే సైజు గళ్ల కాగితం లాంటిది. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. వెబ్ పేజీలో లాగా హెడ్డింగ్‌ని పెద్ద ఫాంట్‌లో పెట్టడం మామూలుగా కుదరదు. మరి ఇన్నేళ్లుగా ఎలా నెట్టుకొచ్చారు?

యూనిక్స్ మాన్ పేజీ ఒకటి తెరిచి చూడండి. మొదటి మాన్యువల్ 1971లో వచ్చింది. ఇప్పటికీ పెద్ద హెడ్డింగులు అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో, ఎడమ అంచుకు ఆనుకుని ఉంటాయి. చిన్న హెడ్డింగ్ 3 ఖాళీలు లోపలికి జరుగుతుంది. మామూలు మ్యాటర్ 7 ఖాళీలు లోపలికి ఉంటుంది. బోల్డ్ కూడా ఉంటుంది గానీ, అది తీసేసినా ఏది పెద్దదో ఏది చిన్నదో తెలిసిపోతుంది. ఫైల్‌లో సేవ్ చేసినా, మెయిల్‌లో అతికించినా, జిరాక్స్ తీసినా ఆ తేడా అలాగే ఉంటుంది.

ఇందులో సగం పని క్యాపిటల్ లెటర్స్ చేస్తున్నాయి. తెలుగుకి ఆ సదుపాయం లేదు. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు. ఓయూ 1918లో ఉర్దూ మీడియంతో మొదలైంది, ఆ ఉర్దూకీ లేవు. హిందీకీ లేవు. క్యాంపస్‌లో వినపడే భాషల్లో ఒక్క ఇంగ్లీష్‌కే ఆ వెసులుబాటు. ఇంగ్లీష్ కోసం తయారైన పద్ధతిని మనం గుడ్డిగా ఎత్తుకుంటే మొదటి మెట్టు దగ్గరే జారిపోతాం.

2. బోల్డ్, అండర్‌లైన్ ఎందుకు దెబ్బతింటాయి

సరే, క్యాపిటల్స్ లేకపోతే బోల్డ్ చేద్దాం అంటారు. ప్రోగ్రామింగ్ కోసం వాడే మోనోస్పేస్ ఫాంట్లలో చాలావాటికి తెలుగు అక్షరాలే ఉండవు. అప్పుడు టెర్మినల్ వేరే ఫాంట్ నుంచి తెలుగు తెచ్చుకుంటుంది. ఆ ఫాంట్‌లో బోల్డ్ రకం దొరక్కపోతే, ఉన్న అక్షరాన్నే కాస్త పక్కకు జరిపి రెండోసారి పూసినట్టు మందం చేస్తుంది. ఇంగ్లీష్ అక్షరం దాన్ని తట్టుకుంటుంది. తెలుగులో చిన్న సైజులో థ మధ్యలో చుక్క పూడుకుపోతుంది, ధ కింద గీత కనపడదు. రెండూ ద లాగే కనిపిస్తాయి. ఎగ్జామ్ ముందు రోజు రాత్రి ఈ తేడా కోసం కళ్లు చిట్లించుకోవాలి.

అండర్‌లైన్ ఇంకా ఘోరం. మన ఒత్తులన్నీ లైను కిందే ఉంటాయి. గీత సరిగ్గా వాటి మీద నుంచే పోతుంది. ఒక్క 'శీర్షిక' అనే మాటకే అండర్‌లైన్ వేసి చూడండి, ష ఒత్తు మీద గీత పడి ఎలా ఉంటుందో.

3. ఒక్క మాట, నాలుగు పొడవులు

ఇంకో పాత పద్ధతి ఉంది. హెడ్డింగ్ కింది లైన్‌లో = గుర్తులు గానీ - గుర్తులు గానీ వరసగా పెట్టడం. 1992లో వచ్చిన సెటెక్స్ట్ అనే ఫార్మాట్ నుంచి ఈ పద్ధతి 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్‌లోకి వచ్చింది. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇందులో రెండే లెవెల్స్. మూడోది కావాలంటే దారి లేదు.

తెలుగుకి అదనంగా ఇంకో చిక్కు. గీత మాట ఎంత పొడవుంటే అంత ఉండాలి కదా. మరి మాట పొడవు ఎంత? మళ్లీ 'శీర్షిక' నే తీసుకోండి. మన కంటికి 3 అక్షరాలు: శీ, ర్షి, క. పైథాన్‌లో లెన్ ఫంక్షన్‌కి ఇస్తే 7 అంటుంది, ఎందుకంటే యూనికోడ్‌లో శ, దీర్ఘం, ర, పొల్లు, ష, గుడి, క అన్నీ విడివిడిగా ఉంటాయి. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, కాబట్టి బైట్లు లెక్కపెట్టే టూల్ 21 అంటుంది. టెర్మినల్ గళ్ల లెక్కలో గుణింతం గుర్తులకు, పొల్లుకు సున్నా వేసి మిగతావి కూడితే 4 వస్తుంది.

3, 4, 7, 21. ఒకే మాటకు నాలుగు సమాధానాలు. ఏ లెక్క ప్రకారం గీత గీసినా ఏదో ఒకచోట తేడా కొడుతుంది. మార్క్‌డౌన్ చదివే ప్రోగ్రాంకి గీత పొడవుతో పని లేదు, ఒప్పుకుంటాను. కానీ మనం గీత పెట్టిందే కంటి కోసం. అదే వంకరగా వస్తే ఇక ఎందుకు?

గీత ఇష్టమైతే మాట పొడవు కొలవకండి. ఎప్పుడూ ఒకే పొడవు, 30 డ్యాష్‌లు పెట్టేయండి. అదీ మొదటి లెవెల్‌కి మాత్రమే.

4. పెద్ద ఫాంట్ కొత్త విషయమేం కాదు

"టెర్మినల్‌లో పెద్ద అక్షరాలు ఇప్పుడు వస్తున్నాయి కదా?" అని మీలో కొందరు అడుగుతారు. వస్తున్నాయి. కాలిబర్ ఈ-బుక్ సాఫ్ట్‌వేర్ రాసిన కోవిద్ గోయల్‌దే కిట్టీ టెర్మినల్ కూడా. అందులో 2025లో టెక్స్ట్ సైజు మార్చే పద్ధతి ఒకటి పెట్టారు. హెడ్డింగ్‌ని రెండింతలు, మూడింతలు చేయొచ్చు. నాకు నచ్చింది, నిజంగానే.

కానీ ఒక ముచ్చట చెప్తాను. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌లోనే డబుల్ సైజు లైన్లు ఉన్నాయి. డబుల్ వెడల్పు చేస్తే 80 అక్షరాల లైన్ 40కి తగ్గేది. డబుల్ ఎత్తు కావాలంటే అదే లైన్‌ని రెండుసార్లు పంపాలి, ఒకటి పై సగానికి, ఇంకోటి కింది సగానికి. ఇప్పటి టెర్మినల్ యాప్స్ చాలావరకు ఆ వీటీ100 వారసులే. అయినా ఈ ఫీచర్ అన్నింట్లోనూ లేదు. 47 ఏళ్ల తర్వాత కిట్టీ మళ్లీ ఇంకో కొత్త పద్ధతిలో చేయాల్సి వచ్చింది.

దీన్నుంచి నాకు అర్థమైంది ఇది: సైజు అనేది ఆ టెర్మినల్ మనకు చేసే మేలు. ఫైల్‌ని కిట్టీ లేని ల్యాబ్ కంప్యూటర్‌లో తెరిస్తే ఆ మేలు అక్కడితో ఆగిపోతుంది. ఫోన్‌కి రాదు, జిరాక్స్‌కి రాదు, చెవికి అసలే రాదు.

5. రంగుకి ఎన్ని చోట్ల దెబ్బ పడుతుందో చూడండి

రంగులంటే నాకు పడదనుకోకండి. నా టెర్మినల్‌లోనూ ఉన్నాయి. కానీ ఒక్కసారి లెక్కపెట్టండి.

ఎండలో క్యాంపస్ చెట్టు కింద ఫోన్ తెరిస్తే నీలం, ఊదా రెండూ నల్లగానే కనపడతాయి. డార్క్ థీమ్‌కి ఎంచుకున్న పసుపు లైట్ థీమ్‌లో మాయమవుతుంది. ఈ-ఇంక్ స్క్రీన్ చాలావాటిలో రంగే లేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మన క్లాసుల్లోనే ఉంటారు. టెర్మినల్ ప్రోగ్రాములు రంగులు వేయకుండా ఆపేందుకు 'నో కలర్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ 2017 నుంచి వాడుకలో ఉంది. కావాలని రంగులు ఆపేసుకునేవాళ్లు కూడా అంతమంది ఉన్నారన్నమాట. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని పెట్టుకున్న డబ్ల్యూక్యాగ్ నియమాల్లోనూ ఇదే మాట ఉంది: ఏ సమాచారాన్నీ రంగు ఒక్కదానితోనే చెప్పొద్దు.

ఎమాక్స్‌లో ఆర్గ్ మోడ్ వాడేవాళ్లను చూడండి. కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2003లో మొదలుపెట్టాడు దాన్ని. ఒక్కో లెవెల్‌కి ఒక్కో రంగు ఇస్తుంది, కానీ నక్షత్రం గుర్తులు టెక్స్ట్‌లోనే ఉంటాయి. ఒక నక్షత్రం మొదటి లెవెల్, రెండైతే రెండో లెవెల్. మార్క్‌డౌన్‌ని టెర్మినల్‌లో అందంగా చూపించే గ్లో టూల్ కూడా మామూలు థీమ్‌లో రెండో లెవెల్ నుంచి హ్యాష్‌లను దాచదు, అలాగే ఉంచి రంగు వేస్తుంది. తెలిసినవాళ్లు చేసే పద్ధతి ఇది. మా తమ్ముడు 'క్లీన్' కోసం పీకేసింది సరిగ్గా ఆ భాగాన్నే.

6. తాళపత్రాల వాళ్లకు ఈ సమస్య ఎప్పుడో వచ్చింది

ప్రింట్లు పట్టుకుని తార్నాక నుంచి క్యాంపస్‌కి తిరిగి వస్తుంటే నాకో విషయం గుర్తొచ్చింది. ఆ చుట్టుపక్కలే ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, అందులో తాళపత్రాలు ఉన్నాయి. తాళపత్రం అంటే ఒక రకంగా టెర్మినలే. గంటంతో గీసి రాయాలి. అక్షరం సైజు పెంచుకుంటూ పోవడానికి ఆకు మీద చోటుండదు. రంగులు మార్చే వీలు దాదాపు లేదు. బోల్డ్ లేదు.

మరి అంత పెద్ద పుస్తకాల్లో వాళ్లు లెవెల్స్ ఎలా చూపించారు? మాటలతో, అంకెలతో. తెలుగు మహాభారతం తీసుకోండి. 18 పర్వాలు, పర్వంలో ఆశ్వాసాలు, ఆశ్వాసంలో పద్యాలు. మూడు లెవెల్స్. కావ్యాల్లో ఆశ్వాసం చివర ఒక గద్యం ఉంటుంది. కవి ఎవరు, పుస్తకం ఏది, ఇప్పుడు అయిపోయింది ఎన్నో ఆశ్వాసం అన్నీ అందులోనే చెప్పేస్తారు. ఒక ఆకు విడిగా మీ చేతికొచ్చినా ఆ గద్యం ఉంటే అది ఎక్కడిదో తెలిసిపోతుంది. పద్యం ముందు 'కం.' అంటే కందం, 'సీ.' అంటే సీసం, 'ఉ.' అంటే ఉత్పలమాల. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ట్యాగులు. వాటిని చేత్తో తిరగరాసినా, ప్రింట్ వేసినా, టైప్ చేసినా ఏ తేడా రాదు. పక్కవాడు చదివి వినిపించినా తెలుస్తుంది.

మనకు కావాల్సిన పద్ధతి మన దగ్గరే ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు.

7. నేను వాడుతున్న పద్ధతి

ఆ రాత్రి హాస్టల్ రూంలో కూర్చుని ఇద్దరం ఫైల్‌ని బాగుచేశాం. చేసింది ఇంతే.

ప్రతి హెడ్డింగ్ ముందు నంబర్. యూనిట్‌కి 3, టాపిక్‌కి 3.2, సబ్ టాపిక్‌కి 3.2.1. అంతకంటే లోతుకు వెళ్లొద్దని రూల్ పెట్టుకున్నాం. మార్క్‌డౌన్‌లో 6 లెవెల్స్ దాకా ఉన్నాయి గానీ, నాలుగోది అవసరమైతే ఆ టాపిక్‌నే రెండుగా విడగొట్టాలని అర్థం.

యూనిట్ ముందు రెండు ఖాళీ లైన్లు, టాపిక్ ముందు ఒకటి. లోపలికి జరపడం 2 ఖాళీలకు మించి వద్దనుకున్నాం. మాన్ పేజీలా 7 ఖాళీలు వదిలితే 80 కాలమ్స్ ల్యాప్‌టాప్‌లో బాగుంటుంది గానీ, ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే సగం స్క్రీన్ ఖాళీకే పోతుంది.

హ్యాష్‌లు తీయలేదు, దాచలేదు. మరి నంబర్లెందుకు, హ్యాష్‌లు చాలవా అంటే, చాలవు. స్క్రీన్ రీడర్‌లో పంక్చువేషన్ సెట్టింగ్ తక్కువలో ఉంటే ఇలాంటి గుర్తుల్ని చదవకుండా దాటేస్తుంది. ఎక్కువలో పెడితే హ్యాష్ హ్యాష్ హ్యాష్ అని ప్రతిసారీ వినాలి. నంబర్‌ని మాత్రం ఏ సెట్టింగ్‌లోనైనా చదువుతుంది. 3.2 అని వినగానే ఎక్కడున్నామో తెలుస్తుంది.

అంకెలు ఇంగ్లీష్‌వే వాడాం. ౩.౨ అని తెలుగు అంకెలు పెడితే చూడముచ్చటగా ఉంటుంది, కానీ కీబోర్డ్ మార్చి వెతకాలి. లెస్‌లో స్లాష్ కొట్టి 3.2 అని టైప్ చేస్తే నేరుగా అక్కడికే వెళ్లే సుఖం పోతుంది.

రంగులు? అవీ ఉంచాం. వాడికి ఇష్టం, ఎందుకు తీయాలి? కాకపోతే ఇప్పుడు రంగులు పోయినా నోట్స్ పోదు.

8. అభ్యంతరాలు

నంబర్లతో ఇబ్బందే లేదా అంటే ఉంది. మధ్యలో కొత్త టాపిక్ చేరిస్తే కిందవన్నీ మార్చాలి. చేత్తో మార్చడం చిరాకే. దానికి పాండాక్ లాంటి టూల్‌లో నంబర్లు వాటంతటవే వేసే ఆప్షన్ ఉంది, లేదా పది లైన్ల స్క్రిప్ట్ చాలు. రంగుల కోసం స్క్రిప్ట్ రాసుకున్నవాడికి ఇది పెద్ద పని కాదు.

రెండోది, అందం. నంబర్లుంటే గవర్నమెంట్ సర్క్యులర్‌లా ఉంటుందని మా వాడి ఫిర్యాదు. కొంత నిజమే. మీ నోట్స్ మీ ల్యాప్‌టాప్ దాటి ఎప్పుడూ బయటికి రాదంటే మీ ఇష్టం, ఎన్ని రంగులైనా వేసుకోండి. కానీ స్టూడెంట్ నోట్స్ అలా ఉంటుందా? ఒకరు రాస్తే పదిమంది చదువుతారు. ఎవరి చేతిలో ఏ ఫోన్ ఉందో, ఎవరు కళ్లతో చదువుతారో, ఎవరు చెవులతో చదువుతారో రాసేటప్పుడు మనకు తెలీదు.

ఫోన్ రివ్యూల్లో మనం డిస్‌ప్లే బ్రైట్‌నెస్ ఎంత, ఎన్ని కోట్ల రంగులు చూపిస్తుంది అని గంటలు గంటలు మాట్లాడుకుంటాం. నేనూ రాస్తాను. కానీ ఆ డిస్‌ప్లే లేకపోతే మన టెక్స్ట్‌లో ఏం మిగులుతుంది అని ఎవరూ టెస్ట్ చేయరు. ఈసారి మీరు చేయండి. మీ నోట్స్ ఫైల్‌ని రంగులు తీసేసి ఒకసారి చూడండి. తర్వాత కళ్లు మూసుకుని స్క్రీన్ రీడర్‌తో ఒక పేజీ వినండి. ఎక్కడున్నారో తెలిస్తే పాస్. తెలియకపోతే ఈ రాత్రికే నంబర్లు వేయండి.

మర్నాడు పొద్దున్న మా వాడు కొత్త ఫైల్‌ని ఆ అమ్మాయికి పంపాడు. సారీ కూడా చెప్పాడట. మధ్యాహ్నం నేను మెట్రోలో ఉండగా ఫోన్ చేశాడు. "అన్నా, ఆమె 3.2 దాంక అయిపోయిందంటుంది. నేనింకా 2.4 కాడనే ఉన్న" అన్నాడు.

పోయి చదువుకోమని ఫోన్ పెట్టేశాను.